ఒక కాలపు 50 మరో కాలంలో ఎంత? బాస్కెట్‌బాల్ దిగ్గజాల పోలికలో అసలు చిక్కు

## సంక్షిప్తంగా

వేర్వేరు కాలాల ఆటగాళ్ళని, జట్లని పోల్చేటప్పుడు పాయింట్లు, గెలుపులు, టైటిళ్ళు ఒకే కొలబద్ద మీద ఉండవు. ఆట వేగం, నియమాలు, లీగ్ సైజు, ఒప్పందాల పద్ధతి మారినప్పుడల్లా అంకెల విలువ మారుతుంది. తన కాలంలోని మిగతావాళ్ళ కంటే ఎవరు ఎంత ముందున్నారో చాలావరకు లెక్క కట్టొచ్చు. ఎదురెదురుగా ఆడితే ఎవరు గెలుస్తారన్నది మాత్రం ఏ కాలపు నియమాలతో ఆడిస్తామన్న దాన్నిబట్టి తేలుతుంది.

## మళ్ళీ మొదలైన పాత చర్చ

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2024-25 సీజన్‌లో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు 82 మ్యాచ్‌లలో 68 గెలిచింది. గెలిచినవీ ఓడినవీ కలిపి చూస్తే మ్యాచ్‌కి సగటున ప్రత్యర్థి కంటే 12.9 పాయింట్లు ఎక్కువ చేసింది. ఎన్‌బీఏ చరిత్రలో ఇంత తేడా అంతకుముందు ఏ జట్టుకీ రాలేదు. 1971-72లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ నెలకొల్పిన 12.3 రికార్డు యాభై ఏళ్ళకి పైగా నిలబడి ఆ సీజన్లో చెరిగిపోయింది. ఆ లేకర్స్ సామాన్యమైన జట్టు కాదు, వరసగా 33 మ్యాచ్‌లు గెలిచిన జట్టు.

అయినా చరిత్రలోకెల్లా గొప్ప జట్టు ఏదంటే థండర్ పేరు చెప్పి ఊరుకోవడానికి లేదు. 72 గెలుపులు, 10 ఓటములతో టైటిల్ కొట్టిన 1995-96 షికాగో బుల్స్ ఉంది. 73 గెలిచి 9 మాత్రమే ఓడి, చివరికి ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో 3-1 ఆధిక్యం చేజార్చుకున్న 2015-16 గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఉంది. ఆ మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌లో (82 మ్యాచ్‌ల తర్వాత టైటిల్ కోసం జరిగే సిరీస్‌లలో) 16 గెలిచి ఒక్కటే ఓడింది కూడా ఆ వారియర్సే. అందరికంటే ముందు, 13 సీజన్లలో 11 టైటిళ్ళు గెలిచిన బిల్ రస్సెల్ నాటి బోస్టన్ సెల్టిక్స్ ఉంది. ఎవరి అంకె వాళ్ళకుంది, ప్రతి అంకే నిజమైనదే. చిక్కల్లా, ఆ అంకెలు పుట్టిన పరిస్థితులు వేరు.

## ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు

"ఎవరు గొప్ప?" అన్నప్పుడు ఒకరి మనసులో ఉండేది, తన కాలంలో ఎవరు మిగతావాళ్ళ కంటే ఎంత పైన ఉన్నారన్న లెక్క. ఇంకొకరి మనసులో ఉండేది, ఇద్దర్నీ ఒకే కోర్టులో దింపితే ఏమవుతుందన్న ఊహ. మూడో మనిషి కెరీర్ మొత్తం మీద కూడబెట్టింది చూస్తాడు.

మైకేల్ జోర్డాన్, లెబ్రాన్ జేమ్స్ వాదన ఎంతకీ తెగకపోవడానికి పెద్ద కారణం ఇదే. జోర్డాన్ ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ గెలిచాడు. కెరీర్ సగటు మ్యాచ్‌కి 30.1 పాయింట్లు. లెబ్రాన్ పది ఫైనల్స్ ఆడి నాలుగు గెలిచాడు. 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్-జబ్బార్ పేరున ఉన్న 38,387 పాయింట్ల రికార్డు దాటాడు, మరుసటి ఏడాది మార్చిలో 40,000 దాటాడు, 40 ఏళ్ళ వయసులోనూ లీగ్‌లో ముందు వరసలోనే ఆడాడు. ఎంత ఎత్తుకి ఎక్కాడన్నది చూసేవాళ్ళు జోర్డాన్ అంటారు. ఆ ఎత్తులో ఎన్నేళ్ళు నిలబడ్డాడన్నది చూసేవాళ్ళు లెబ్రాన్ అంటారు. రెండు పక్షాలూ వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెబుతూ ఒకే ప్రశ్న మీద గొడవ పడుతున్నామనుకుంటాయి.

మూడింటిలో మొదటి ప్రశ్నకే గట్టి లెక్క దొరుకుతుంది. ఆ లెక్క ఎక్కడ బలంగా ఉంటుందో, ఎక్కడ జారిపోతుందో చూడాలంటే 1962కి వెళ్ళాలి.

## 50.4 పాయింట్ల సీజన్

1954కి ముందు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో షాట్ క్లాక్, అంటే ఇన్ని సెకన్లలోగా షాట్ వెయ్యాలన్న గడువు, లేదు. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతి చేతిలో పెట్టుకుని టైమ్ గడిపేసేది. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ని 19-18తో ఓడించింది. లేకర్స్ తరఫున ఆడే భారీ మనిషి జార్జ్ మైకన్‌ని ఆపలేక, అసలు ఆటనే ఆపేశారు. ఇలాగే సాగితే జనం రావడం మానేస్తారన్న భయం లీగ్‌ని పట్టుకుంది. సిరాక్యూస్ నేషనల్స్ యజమాని డానీ బియాసోన్ లెక్క వేశాడు. రసవత్తరంగా సాగిన మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి సుమారు 120 షాట్లు వేస్తాయి. 48 నిమిషాలంటే 2,880 సెకన్లు. భాగిస్తే 24. ఆ 24 సెకన్ల క్లాక్ వచ్చిన మొదటి సీజన్లోనే జట్టు సగటు 79.5 నుంచి 93.1 పాయింట్లకి ఎగబాకింది.

వేగం అక్కడితో ఆగలేదు. 1961-62 సీజన్ వచ్చేసరికి జట్టు సగటు 118.8. షాట్లు బాగా పడటం వల్ల వచ్చిన పెరుగుదల కాదిది. వేసిన షాట్లలో 42.6 శాతమే లోపలికి వెళ్ళేవి. పడని షాట్‌ని అందుకోవడం, అవతలి బుట్ట వైపు పరుగెత్తడం, దొరికిన మొదటి అవకాశానికే మళ్ళీ షాట్ వెయ్యడం, ఇదీ ఆట. ఒక్కో జట్టు మ్యాచ్‌కి దాదాపు 108 షాట్లు వేసేది. 2023-24లో ఆ సంఖ్య 89 దగ్గర ఉంది.

ఆ సీజన్లోనే ఫిలడెల్ఫియా వారియర్స్ ఆటగాడు విల్ట్ చాంబర్లెన్ మ్యాచ్‌కి సగటున 50.4 పాయింట్లు చేశాడు. మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో న్యూయార్క్ నిక్స్ మీద ఒక్కడే 100 చేశాడు. ఇంకో వింత, 48 నిమిషాల ఆటలో అతని సగటు 48.5 నిమిషాలు. అదనపు సమయంలోకి వెళ్ళిన మ్యాచ్‌లలో కూడా చివరిదాకా ఉన్నాడన్నమాట. సీజన్ మొత్తం మీద బెంచ్ మీద కూర్చున్నది పది నిమిషాలు కూడా లేదు.

ఈ 50.4ని 1986-87లో జోర్డాన్ చేసిన 37.1తో, 2023-24లో లూకా డాన్చిచ్ చేసిన 33.9తో పోల్చడం ఎలా? ముగ్గురూ ఆయా సీజన్లలో లీగ్‌లో టాప్ స్కోరర్లే. లెక్క మెట్టు మెట్టుగా చేస్తే ఏం జరుగుతుందో గమనించాలి.

మొదటి మెట్టు నిమిషాలు. ముగ్గురినీ 36 నిమిషాల ఆటకి తగ్గిస్తే చాంబర్లెన్ 37.4, జోర్డాన్ 33.4, డాన్చిచ్ 32.5. పదహారున్నర పాయింట్ల తేడా ఒక్క దెబ్బకి ఐదుకి దిగిపోయింది.

రెండో మెట్టు ఆట వేగం. బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి పోయేదాకా ఒక పొసెషన్ అంటారు. 2023-24లో ఒక జట్టుకి మ్యాచ్‌కి సుమారు 98.5 పొసెషన్లు దక్కాయి. 1986-87లో 100.8. 1961-62లో, అంచనా ప్రకారం, 126. అందరినీ 2023-24 వేగానికి తెస్తే జోర్డాన్ 32.6, డాన్చిచ్ 32.5, చాంబర్లెన్ 29.2. వరస తిరగబడింది. మొదటివాడు ఆఖరివాడయ్యాడు.

చాలామంది ఇక్కడే ఆగి, పాత రికార్డులన్నీ వేగం వల్ల ఉబ్బినవేనని తీర్పు చెప్పేస్తారు. కానీ మూడో మెట్టు ఒకటుంది. ఒక పొసెషన్‌లో పాయింట్లు రాబట్టడం అన్ని కాలాల్లో ఒకే కష్టం కాదు. 2023-24లో సగటు జట్టు 100 పొసెషన్లకి 115.3 పాయింట్లు చేసింది. 1986-87లో 108.3. 1961-62లో 94 దగ్గరే. అంటే చాంబర్లెన్ ఉన్నది అందరూ షాట్లు వృథా చేస్తున్న లీగ్‌లో. అతను మాత్రం సగానికి పైగా షాట్లు లోపల వేశాడు. ఈ తేడాని కూడా కలిపితే చాంబర్లెన్ 36 దగ్గరికి, జోర్డాన్ 35 దగ్గరికి వస్తారు, డాన్చిచ్ 32.5 దగ్గరే ఉంటాడు. వరస మళ్ళీ మొదటికొచ్చింది. తేడా మాత్రం పదహారున్నర నుంచి మూడున్నరకి తగ్గింది.

ఏ మెట్టు దగ్గర ఆగితే ఆ జవాబు వస్తుంది. కావలసిన జవాబు వచ్చిన దగ్గర ఆగిపోవడం ఈ చర్చల్లో అన్నిటికంటే పెద్ద తప్పు. మొదటి మెట్టులోనే ఒక అన్యాయం దాగుంది కూడా. 36 నిమిషాలకి తగ్గించినప్పుడు, మ్యాచ్ మొత్తం ఆడగలిగిన ఒంటి దారుఢ్యం చాంబర్లెన్ ఖాతాలోంచి పోతుంది. అదీ ప్రతిభే కదా.

పైగా 1962 నాటి పొసెషన్ల సంఖ్య అంచనా మాత్రమే అనడానికి కారణముంది. ఏ ఆటగాడు ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాడో లీగ్ 1977-78 దాకా లెక్కపెట్టలేదు. రీబౌండ్లని, అంటే పడని షాట్ తర్వాత అందుకున్న బంతులని, అఫెన్సివ్ (సొంత జట్టు షాట్‌వి), డిఫెన్సివ్ (అవతలి జట్టు షాట్‌వి) అని 1973-74 దాకా విడదీయలేదు. ఆ రెండూ లేకుండా వేగాన్ని కచ్చితంగా కట్టలేం.

## రెండు ట్రిపుల్ డబుల్ సీజన్లు

అదే 1961-62లో సిన్సినాటి రాయల్స్ ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టుల (తోటివాడి పాయింట్లకి దారితీసిన పాస్‌ల) సగటుతో సీజన్ ముగించాడు. సీజన్ మొత్తానికి ట్రిపుల్ డబుల్ (మూడు అంకెలూ పదికి తగ్గని) సగటు అదే మొదటిసారి. 55 ఏళ్ళపాటు మళ్ళీ ఎవరివల్లా కాలేదు. 2016-17లో రసెల్ వెస్ట్‌బ్రూక్ 31.6, 10.7, 10.4తో దాన్ని అందుకున్నాడు. తర్వాత ఇంకో మూడు సీజన్లలో అదే చేశాడు. 2024-25లో నికోలా యోకిచ్ కూడా ఆ జాబితాలో చేరాడు.

రీబౌండ్ల సంగతే చూద్దాం. రాబర్ట్‌సన్ నాడు ఒక్కో జట్టుకి మ్యాచ్‌కి దాదాపు 70 రీబౌండ్లు. వెస్ట్‌బ్రూక్ నాటికి అవి 43.5. రాబర్ట్‌సన్ 44 నిమిషాలు ఆడితే వెస్ట్‌బ్రూక్ ఆడింది 34.6. కోర్టులో ఉన్నంతసేపూ అందుబాటులోకి వచ్చిన రీబౌండ్లలో రాబర్ట్‌సన్ అందుకున్నది సుమారు 10 శాతం. వెస్ట్‌బ్రూక్ 17 శాతం.

అసిస్టుల విషయంలో తూకం కొంచెం రాబర్ట్‌సన్ వైపు మొగ్గుతుంది. షాట్ పడితేనే పాస్ అసిస్ట్ అవుతుంది. పదికి ఆరు షాట్లు బయటికి పోయే రోజుల్లో 11.4 అసిస్టులు ఇవ్వాలంటే ఎన్ని మంచి పాస్‌లు వేసి ఉండాలో ఊహించొచ్చు. ఆ రోజుల్లో స్కోరు రాసేవాళ్ళు అసిస్ట్ ఇవ్వడంలో గట్టిగా ఉండేవాళ్ళు కూడా.

## లెక్కపుస్తకంలో లేని ఆటగాడు

1961-62లో ఒకరు 50 సగటు చేశారు, ఇంకొకరు ట్రిపుల్ డబుల్ సగటు చేశారు. ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు) మాత్రం బిల్ రస్సెల్‌కి వెళ్ళింది. ఓటేసింది ఆటగాళ్ళే, అంటే అతనికి ఎదురుగా ఆడినవాళ్ళే.

రస్సెల్ కెరీర్ సగటు 15.1 పాయింట్లు, షాట్లలో 44 శాతం. ఇవాళ్టి కళ్ళతో చూస్తే మామూలు అంకెలు. అతను చేసిన అసలు పని షాట్లని అడ్డుకోవడం, అడ్డుకున్న బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టకుండా తన జట్టు చేతిలోనే పడేలా తట్టడం, అక్కడినుంచి ఎదురుదాడి మొదలుపెట్టడం. ఇలా అడ్డుకున్న షాట్లని (బ్లాక్‌లని) ఎన్‌బీఏ అధికారికంగా లెక్కపెట్టడం 1973-74లో మొదలైంది. రస్సెల్ 1969లోనే రిటైర్ అయ్యాడు. అంటే అతని గొప్పతనంలో ప్రధాన భాగం ఏ పట్టికలోనూ లేదు. 22.5 రీబౌండ్ల సగటు, 11 టైటిళ్ళు, ఐదు ఎంవీపీలు మాత్రం మిగిలాయి. అంకెలతో మాత్రమే నడిచే ఏ ఆల్‌టైమ్ జాబితా అయినా రస్సెల్‌ని దించేస్తుంది. అలా దించిన జాబితా రస్సెల్ గురించి చెప్పేదానికంటే, ఆ రోజుల్లో స్కోరర్ టేబుల్ దగ్గర ఏం రాసేవారు కాదన్న సంగతే ఎక్కువ చెబుతుంది.

## గీత జరిగితే ఆట మారుతుంది

బాస్కెట్‌బాల్ నియమాలు కొన్నిసార్లు ఒక్క మనిషి కోసం కూడా మారాయి. మైకన్ బుట్ట కింద పాతుకుపోతున్నాడని 1951లో లేన్ (బుట్ట ముందు, అటాక్ చేసేవాడు ఎక్కువసేపు నిలవకూడని చోటు) వెడల్పు 6 అడుగుల నుంచి 12కి పెంచారు. చాంబర్లెన్ కాలంలో, 1964లో, 16 చేశారు. పొడగరి ఆటగాడు బుట్టకి దూరంగా మొదలుపెట్టాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద మార్పు త్రీ పాయింట్ లైన్. ఆ గీత అవతలి నుంచి పడిన షాట్‌కి (త్రీకి) రెండు బదులు మూడు పాయింట్లు. 1979-80లో వచ్చినప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక జట్టు మ్యాచ్‌కి మూడు కూడా వేసేది కాదు. 2023-24లో సగటు 35. తన తరంలో గొప్ప షూటర్‌గా పేరున్న లారీ బర్డ్ 13 సీజన్ల కెరీర్ మొత్తంలో లోపలికి వేసిన త్రీలు 649. వారియర్స్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ 2015-16లో 402, మరుసటి సీజన్లో 324 లోపలికి వేశాడు. రెండు సీజన్లకే బర్డ్ కెరీర్ లెక్క దాటిపోయింది. బర్డ్ షూటింగ్ చేతకానివాడని దీనికి అర్థం కాదు. అంత దూరం నుంచి అన్నిసార్లు వెయ్యమని అతనికి ఏ కోచ్ చెప్పలేదు. 33 శాతం త్రీలు పడితే 50 శాతం టూలతో సమానమన్న చిన్న లెక్క లీగ్ ఒంటికి పట్టడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

డిఫెన్స్ నియమాలు రెండు వైపులా లాగాయి. 2001-02లో జోన్ డిఫెన్స్‌కి (మనిషికి బదులు కోర్టులో ఒక చోటుని కాసే పద్ధతికి) అనుమతి ఇచ్చారు, దాంతోపాటు డిఫెండర్ ఊరికే లేన్‌లో మూడు సెకన్లకి మించి నిలబడకూడదన్నారు. అంతకుముందు ఎవరి మనిషిని వాళ్ళే కాయాలి, కాబట్టి జోర్డాన్ లాంటివాడికి ఒక పక్క ఖాళీ చేసి ఇస్తే అవతలివాళ్ళు గుంపుగా అడ్డుపడటం కష్టం. అదే జోర్డాన్ కాలంలో బంతి ఆడించేవాడి నడుం మీద చెయ్యి పెట్టి దారి మళ్ళించడం చెల్లేది. 2004-05లో దాన్ని గట్టిగా కట్టడి చేశారు. లీగ్ సగటు ఒక్క ఏడాదిలో 93.4 నుంచి 97.2కి పెరిగింది. "ఆ రోజుల్లో డిఫెన్స్ ఎంత కరుగ్గా ఉండేదో" అనేవాళ్ళు చేతిని గుర్తుంచుకుని జోన్‌ని మర్చిపోతారు. "ఇప్పటి డిఫెన్స్‌లు ఎంత తెలివైనవో" అనేవాళ్ళు దానికి తిరగేసి మాట్లాడతారు. జోర్డాన్‌ని ఇవాళ దింపితే చెయ్యి అడ్డు పోతుంది, జోన్ అడ్డు వస్తుంది. ఏది ఎక్కువో చెప్పడానికి కొలత లేదు.

## బుల్స్, వారియర్స్, థండర్

ఆటగాళ్ళ కంటే జట్లని పోల్చడం కొంచెం నయం. మ్యాచ్‌కి సగటు పాయింట్ల తేడా అనే ఒకే అంకెలో దాడీ రక్షణా రెండూ ఇమిడిపోతాయి. కానీ ఇక్కడ కూడా వేగం అడ్డొస్తుంది. థండర్ తేడా 12.9, బుల్స్ తేడా 12.2. థండర్ ఆడింది మ్యాచ్‌కి సుమారు 100 పొసెషన్లు. బుల్స్ ఆడింది 91 పొసెషన్లు. తక్కువ అవకాశాల్లో అంత తేడా తేవడం ఎక్కువ కష్టం. 100 పొసెషన్లకి మార్చితే బుల్స్ 13.4, థండర్ 12.8. చాంబర్లెన్ విషయంలో జరిగినట్టే పైనున్నది కిందికి వచ్చింది.

బుల్స్ మీద వినిపించే పెద్ద అభ్యంతరం లీగ్ విస్తరణ. ఆ ఏడాదే టొరంటో రాప్టర్స్, వాంకూవర్ గ్రిజ్లీస్ కొత్తగా చేరాయి. ఒకటి 21, ఇంకొకటి 15 మాత్రమే గెలిచాయి. 1988 నుంచి లెక్కేస్తే ఆరు జట్లు పెరిగి లీగ్ 23 నుంచి 29కి చేరింది. ఉన్న ప్రతిభ పలచబడింది, బుల్స్ దాన్ని సొమ్ము చేసుకుందన్నది వాదన. ఇందులో నిజం కొంత ఉంది కానీ అతిశయం ఎక్కువ. ఆ రెండు కొత్త జట్లతో బుల్స్ ఆడినవి 82లో ఆరే మ్యాచ్‌లు. పైగా ఆ పది ఓటముల్లో ఒకటి 109-108తో రాప్టర్స్ చేతిలోనే జరిగింది. ఆరు మ్యాచ్‌లూ తీసేసినా బుల్స్ రికార్డు రూపం మారదు.

73 గెలిచిన వారియర్స్ కథ వేరే పాఠం. 2016 ఫైనల్లో జూన్ 13 నుంచి 19 దాకా, ఏడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఓడిపోవడంతో ఆ జట్టు జాబితాలో కిందికి జారింది. ఐదో మ్యాచ్‌కి డ్రేమండ్ గ్రీన్ సస్పెన్షన్‌లో ఉన్నాడు, అదే మ్యాచ్‌లో ఆండ్రూ బోగట్ గాయపడ్డాడు. 82 మ్యాచ్‌లు చెప్పినదాన్ని మూడు మ్యాచ్‌లు కొట్టిపారేశాయి. థండర్ టైటిల్ గెలిచింది కానీ, అది కూడా ప్లేఆఫ్స్‌లో 16 గెలిచి 7 ఓడింది, రెండు సిరీస్‌లలో ఏడో మ్యాచ్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఒక్క రాత్రి షాట్లు పడకపోయి ఉంటే 12.9 అన్న అంకె ఇవాళ ఎవరి నోటా వినపడేది కాదు. టైటిల్‌కి విలువ ఇవ్వాల్సిందే. అయితే టైటిల్‌లో అదృష్టం పాలు ఎంతో ఒప్పుకోకుండా గొప్పతనాన్ని కొలిస్తే ఆ కొలత నిలవదు. ఏడు టైటిల్ ఉంగరాలున్న రాబర్ట్ హోరీ ఆరున్న జోర్డాన్ కంటే గొప్ప ఆటగాడని హోరీ అభిమానులు కూడా అనరు.

## లీగ్ ఎంత లోతు?

సెల్టిక్స్ 11 టైటిళ్ళలో ఎక్కువ భాగం ఎనిమిది, తొమ్మిది జట్ల లీగ్‌లో వచ్చాయి. చాలా ఏళ్ళు టైటిల్‌కి రెండు ప్లేఆఫ్ సిరీస్‌లు గెలిస్తే సరిపోయేది. ఇప్పుడు 30 జట్లు, నాలుగు సిరీస్‌లు. చిట్టీలేసి తీసినా ఎనిమిదిలో ఒకటి రావడం ముప్ఫైలో ఒకటి రావడం కంటే తేలిక.

చిన్న లీగ్‌కి రెండో ముఖం ఉంది. ఎనిమిది జట్లంటే మొత్తం వందమంది ఆటగాళ్ళు కూడా ఉండరు. బలహీనమైన జట్టు మీద సేదతీరే రాత్రులు తక్కువ. రస్సెల్, చాంబర్లెన్ కెరీర్ మొత్తం మీద 140 సార్లకి పైగా ఎదురుపడ్డారు. ఇవాళ ఇద్దరు పెద్ద సెంటర్లు వేర్వేరు కాన్ఫరెన్స్‌లలో (లీగ్‌లోని రెండు సగాల్లో) ఉంటే ఏడాదికి రెండుసార్లు కలుస్తారు.

కానీ ఆ వందమంది ఎక్కడినుంచి వచ్చారన్నది చూడాలి. ఎన్‌బీఏలోకి నల్లజాతి ఆటగాళ్ళు మొదటిసారి వచ్చింది 1950లో. ఎర్ల్ లాయిడ్, చక్ కూపర్, నాట్ క్లిఫ్టన్ ఆ మొదటివాళ్ళు. మైకన్ టైటిళ్ళలో మొదటివి ఆ తలుపు తెరవకముందువి. ఆ తర్వాత కూడా జట్టుకి ఇంతమందే అన్న రాతలో లేని హద్దు చాలా ఏళ్ళు నడిచింది. సెల్టిక్స్ ఆ హద్దుని మిగతావాళ్ళ కంటే ముందు తీసేసింది. ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళతో మ్యాచ్ మొదలుపెట్టిన మొదటి జట్టు 1964లో అదే. 1966లో రస్సెల్‌ని కోచ్‌ని చేసింది. ఆ జట్టు ఆధిపత్యంలో ఈ తెగువ వాటా చిన్నది కాదు.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఎన్‌బీఏ తారలతో కట్టిన అమెరికా జట్టు, డ్రీమ్ టీమ్, ఆడాక ఆట అమెరికా దాటి విస్తరించిన తీరు అందరికీ తెలిసిందే. 2019 నుంచి 2025 దాకా ఎంవీపీ అవార్డు ఏడుసార్లూ అమెరికా బయట పుట్టినవాళ్ళకే వెళ్ళింది. గ్రీస్ నుంచి యానిస్, సెర్బియా నుంచి యోకిచ్, కామెరూన్ నుంచి ఎంబీడ్, కెనడా నుంచి గిల్జియస్-అలెగ్జాండర్. సగటు ఆటగాడి స్థాయి పెరిగే కొద్దీ శిఖరం మీదున్నవాడికీ మిగతావాళ్ళకీ దూరం తగ్గుతుంది. చాంబర్లెన్ లాంటి అంకెలు మళ్ళీ రాకపోవడానికి వేగం ఒక కారణమైతే, ఇది రెండోది. పాత అంకెలని ఈ లెక్కన కొంత తగ్గించుకోవడం న్యాయమే. ఎంత తగ్గించాలన్న దగ్గర నిపుణులే ఏకాభిప్రాయానికి రారు.

## జట్టు కట్టే నియమాలు

ఆధిపత్యం కోర్టులోనే పుట్టదు, ఒప్పందాల కాగితాల్లో కూడా పుడుతుంది. 1960ల సెల్టిక్స్ ఆటగాళ్ళకి ఇష్టం వచ్చిన జట్టుకి మారే హక్కు లేదు, అందుకే ఆ బృందం ఏళ్ళ తరబడి చెదరలేదు. రాబర్ట్‌సన్ పేరు మీద నడిచిన కోర్టు కేసు 1976లో ఒప్పందంతో ముగిశాక మార్పు మొదలైంది. 2016లో టీవీ హక్కుల డబ్బు వచ్చిపడి సాలరీ క్యాప్ (ఒక జట్టు జీతాల మీద పరిమితి) 70 మిలియన్ డాలర్ల నుంచి ఒక్కసారిగా 94 మిలియన్లకి పెరిగింది. ఆ ఒక్క వేసవిలో దొరికిన జాగాలోనే 73 గెలిచిన వారియర్స్‌లోకి కెవిన్ డ్యూరాంట్ వచ్చి చేరాడు. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య 2023లో కుదిరిన ఒప్పందం తర్వాత అలాంటి జట్టుని కట్టడం, కట్టినదాన్ని నిలుపుకోవడం చాలా ఖరీదైంది. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్ళలో ఏడు వేర్వేరు జట్లు టైటిల్ గెలిచాయి. ఇకమీదట వరస టైటిళ్ళు రాలేదని ఒక జట్టుని తక్కువ చెయ్యడం సబబు కాదు.

ప్రయాణాలు, వైద్యం, బూట్లు కూడా ఈ లెక్కలోవే. కాన్వాస్ బూట్లతో, మామూలు విమానాల్లో ఇరుక్కుని తిరిగిన శరీరాలని సొంత విమానాలు, డాక్టర్ల బృందాలు ఉన్న శరీరాలతో పోల్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

## రెండు జట్లలోనూ ఉన్న ఒక్కడు

1996 బుల్స్, 2016 వారియర్స్ ఎదురెదురుగా ఆడితే? ఈ ప్రశ్న వేసేవాళ్ళు మొదట గీత ఎక్కడ గీస్తారో చెప్పాలి. 1994-95 నుంచి మూడు సీజన్లపాటు త్రీ పాయింట్ లైన్‌ని చుట్టూ 22 అడుగులకి దగ్గర చేశారు. బుల్స్ 72 గెలిచింది ఆ దగ్గర గీతతో. వారియర్స్ ఆడింది ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాల దూరం నుంచి. అయినా దగ్గర గీత ఉన్న బుల్స్ మ్యాచ్‌కి పదహారు, పదిహేడు త్రీలు వేస్తే, దూరం గీత ఉన్న వారియర్స్ 31 దాటి వేసింది.

స్టీవ్ కెర్ ఈ రెండు జట్లలోనూ ఉన్నాడు. వారియర్స్‌కి కోచ్, బుల్స్‌కి బెంచ్ మీదినుంచి వచ్చే గార్డ్. 1995-96లో 82 మ్యాచ్‌లూ ఆడి 237 త్రీలు వేశాడు, 122 పడ్డాయి. నూటికి యాభై ఒకటిన్నర. అంత బాగా వేసేవాడికి ఆ రోజుల్లో దక్కినవి మ్యాచ్‌కి మూడు కూడా కావు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే మనిషి కోచ్ కుర్చీలో కూర్చుని కర్రీని మ్యాచ్‌కి పదకొండు వెయ్యనిచ్చాడు.